కొట్టం ముందు, జీవం తర్వాత

కొట్టం ముందు కట్టాను. అందులో ఉండాల్సిన జీవాలను తర్వాత వెతికాను. నా తెలివితక్కువతనమంతా ఈ వరుసలోనే ఉంది. ఉద్యోగ జీవితమంతా పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ని, పదవీ విరమణ తర్వాత ముచ్చటపడి ఒక నోరులేని జీవం చావుకు కారణమయ్యాను. బోధన్ చుట్టుపక్కల ఇప్పుడు తోటలు పెరుగుతున్నాయి. తోటల్లో నాలుగు జీవాలను అందానికి పెంచుకుందామనుకునేవాళ్లూ పెరుగుతున్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నన్ను చూసి జాలిపడమని కాదు, వాళ్ల జీవాలు బతకాలని.

మాది నిజాంసాగర్ కాలువ కింది పొలం. మంజీర మీద ఆ ప్రాజెక్టు 1931లో పూర్తయింది. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఆ నీళ్లు, ఆ ఫ్యాక్టరీ కలిసి మా ప్రాంతాన్ని చెరుకు సీమ చేశాయి. కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. మా నాయన చెరుకు తప్ప వేరే పంట మాటెత్తేవాడు కాదు. క్రషింగ్ మొదలైతే బోధన్ గాలంతా మడ్డి వాసన, రోడ్ల నిండా చెరుకు బండ్లు. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీకి లేఆఫ్ ప్రకటించారు. అప్పటికే చాలామంది వరికి, సోయాకు మారారు. నేను సగం భూమి కౌలుకిచ్చి, మిగతా సగంలో నాయన చెరుకు వేసిన చోటే తోట పెట్టాను. మామిడి, నిమ్మ, జామ, సపోటా. గట్ల వెంట కొబ్బరి, ఇంటి ముందు మల్లె, కనకాంబరం. నల్లరేగడి, కాలువ నీళ్లు, చేతినిండా తీరిక. మొక్క పెడితే రాకుండా ఎందుకుంటుంది? వచ్చింది. చెట్ల కింద గడ్డి కూడా వచ్చింది, మోకాలి ఎత్తున.

ఆ గడ్డిని చూసినప్పుడల్లా ఇక్కడ ఏదైనా మేస్తే బాగుండునని అనిపించేది. అప్పుడే అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఉన్న మా బిడ్డ దగ్గరికి వెళ్లాను. ఒక ఆదివారం వాళ్లు నన్ను ఊరి బయట ఒక ఫామ్‌కు తీసుకెళ్లారు. అక్కడ మొదటిసారి ఆల్పకాలను చూశాను. పొడుగు మెడ, పెద్ద కళ్లు, నుదుటి మీద పడే జుట్టు. దగ్గరికి వెళితే సన్నగా, ముక్కుతో పాడినట్టు శబ్దం చేస్తాయి. అడుగు మెత్తగా ఉంటుంది, గిట్టలున్న పశువుల్లా నేలను చీల్చవు. గడ్డిని వేళ్లతో సహా పీకవు, పైపైన కొరుకుతాయి. మంద మొత్తం ఒకే చోట పేడ వేస్తుంది కాబట్టి శుభ్రం చేయడం సులువు. ఆ పేడను పెద్దగా మాగబెట్టకుండానే మొక్కలకు వేస్తారట. తోట ఉన్నవాడికి ఇంతకంటే ఏం కావాలి? ఏడాదికోసారి ఉన్ని కత్తిరిస్తారు. ఫామ్ యజమానురాలు ఆ ఉన్నిని నా చేతిలో పెట్టింది. దానికి బరువన్నదే లేదు, కానీ చేతికి వేడి తగిలింది.

ఆ వేడి మనసులో పెట్టుకుని ఇంటికొచ్చాను. వచ్చిన వెంటనే తోటకు తూర్పున కొట్టం మొదలుపెట్టాను. రేకుల కప్పు, సిమెంటు గచ్చు, చుట్టూ ఎత్తైన జాలీ కంచె. మేస్త్రీ "ఏం జీవాలు సారూ, బర్లా?" అని అడిగితే, "నువ్వెన్నడూ చూడనివి తెస్తున్నా, చూద్దువుగానీ" అన్నాను. ఊళ్లో అందరికీ చెప్పాను.

కొట్టం పూర్తయ్యాక చదవడం మొదలుపెట్టాను. ఆల్పకా పుట్టిల్లు పెరూ, బొలీవియా దేశాల ఆండీస్ కొండలు. మూడున్నర వేల మీటర్లు దాటిన మెట్ట మైదానాల్లో, రాత్రయితే మంచు గడ్డకట్టే చోట, వేల ఏళ్లుగా అక్కడి వాళ్లు వాటిని సాకుతున్నారు. ఆ ఉన్ని ఆ చలికి తయారైంది. నిజామాబాద్ సముద్ర మట్టానికి నాలుగు వందల మీటర్ల లోపే. మే నెలలో మా ఎండ 45 డిగ్రీలను తాకుతుంది. ఆల్పకా ఒంట్లోని వేడి ఎక్కువగా ఉన్ని పలచగా ఉండే పొట్ట కింది నుంచి, తొడల లోపలి నుంచి పోతుంది. అందుకే ఒహాయో వేసవికే అక్కడ ఫ్యాన్లు పెట్టి, పొట్టలకు నీళ్లు కొడతారు. నేను వెళ్లింది అక్టోబర్‌లో కాబట్టి ఆ ఫ్యాన్లు నా కంటపడలేదు. పైగా విదేశీ జీవాన్ని ఈ దేశంలోకి తేవాలంటే 1898 నాటి పశువుల దిగుమతి చట్టం దగ్గర్నుంచి లైసెన్సులు, రోగ పరీక్షలు, క్వారంటైన్ దాకా ఎన్నో ఉన్నాయి. అవన్నీ న్యాయమైనవే. ఒక్క రోగం తోడొస్తే ఇక్కడి మందలన్నీ పోతాయి.

అదే చదువులో చార్లెస్ లెడ్జర్ అనే ఇంగ్లిష్ వ్యాపారి కథ కంటబడింది. ఆల్పకాలను దేశం దాటించడాన్ని పెరూ నిషేధించిన రోజుల్లో, ఆయన ఏళ్ల తరబడి కష్టపడి మందలను ఆండీస్ దాటించి, 1858లో రెండు వందల యాభైకి పైగా జీవాలతో సిడ్నీ చేరాడు. ఆస్ట్రేలియాలో ఆల్పకా ఉన్ని పరిశ్రమ పెట్టాలని ఆయన ఆశ. కొన్నేళ్లకే ఆ ప్రయత్నం కుప్పకూలింది, మంద చెల్లాచెదురైంది. ఆయన దగ్గర కనీసం ఆ జీవాలతో పుట్టిపెరిగిన కాపరులుండేవారు. నా దగ్గర జాలీ కంచె ఒక్కటే ఉంది.

అంతటితో ఆగి ఆ కొట్టాన్ని గడ్డివాముకు వాడుకుని ఉంటే సరిపోయేది. ఆగలేదు. ఖాళీ కొట్టం నన్ను పొడిచేది. దారిన పోయే ప్రతివాడూ "సారూ, మీ జీవాలు ఎప్పుడొస్తయ్?" అని అడిగేవాడు. ఆ మాట పడలేక ఒక శనివారం నవీపేట సంతకు వెళ్లాను. మేకలకు, గొర్రెలకు ఆ సంత పేరుమోసింది. తెల్లవారకముందే ట్రాలీలు వచ్చి నిలుస్తాయి. కొనేవాళ్లు జీవం నడుము మీద చెయ్యేసి వెన్నుపూస నొక్కి చూస్తారు, పెదవి ఎత్తి పళ్లు చూస్తారు. నాకు ఇవేవీ రావు. నేను రంగు చూశాను.

సంత నిండా పొడుగు కాళ్ల నెల్లూరు రకం జీవాలే. వాటికి ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే. మాంసానికి అవే గిరాకీ. 2017లో ప్రభుత్వం గొల్ల కురుమలకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున సబ్సిడీ మీద ఇచ్చినప్పుడు పక్క రాష్ట్రాల నుంచి వచ్చినవాటిలోనూ ఈ రకాలే ఎక్కువ. 2019 పశుగణనలో తెలంగాణ 1 కోటి 91 లక్షల గొర్రెలతో దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. కానీ ఆ కోట్లలో మన నల్ల గొర్రె, దక్కనీ గొర్రె, వెతుక్కోవాల్సినంత తక్కువ. సంతలో ఒక మూల చింతచెట్టు కింద నాలుగైదు కనబడ్డాయి. పొట్టి ఒళ్లు, వాలిన చెవులు, ముక్కు దూలం వంపు తిరిగి ఉంది. నల్లటి ఉన్ని, కొసలు మాత్రం ఎండకు మాడి మట్టి రంగుకు తిరిగాయి. వేళ్లతో విడదీసి చూస్తే లోపల మెరిసే నలుపు. ఉన్ని ఉన్న జీవం కావాలనే కదా ఇంత పాకులాడాను, ఇదిగో ఉంది అనుకున్నాను. ఒక పొట్టేలును, కొన్ని గొర్రెలను బేరమాడకుండా కొన్నాను.

అమ్మిన కురుమ పెద్దమనిషిది మా పక్క ఊరే. ట్రాలీలోకి ఎక్కిస్తూ నన్ను అడిగాడు. "ఎక్కడ మేపుతరు సారూ?" తోటలో అన్నాను. ఆయన ముఖం మారింది.

"ఇవి గుట్టల మీది జీవాలు. గొర్రెకు కాలు ఎండాలె. మీ తోటల కాలు ఎండదు. వానలు పడకముందే ఎవరి మందలనన్నా కలపండ్రి."

"నేను బాగానే చూసుకుంటానన్నా, దాణా పెడతా, మందులు వేయిస్తా" అన్నాను.

"దాణా కాదు సారూ, నడక కావాలె వీటికి" అన్నాడు.

తరతరాలుగా ఆ జీవాలతో నడిచిన మనిషి రెండు మాటల్లో నాకు కావలసిందంతా చెప్పాడు. ఒహాయోలో ఆ ఫామ్ యజమానురాలు చెప్పిన ప్రతి మాటనూ నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఈయన మాట వినగానే మరిచిపోయాను. తలచుకుంటే నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది ఇదే. ఆమెను నేను నేర్చుకోవాల్సిన మనిషిగా చూశాను. ఈయనను అమ్ముకునే మనిషిగా చూశాను.

వేసవి బాగానే గడిచింది. పొద్దున్నే చెట్ల కింద నల్లగా కదులుతుంటే చూడముచ్చటగా ఉండేవి. గడ్డి తగ్గింది. మనవరాలికి ఫోన్‌లో చూపించేవాణ్ని. మృగశిర కార్తె దాటి ముసురు పట్టాక ఒక గొర్రె ముందు మోకాళ్ల మీద కూర్చుని మేయడం చూశాను. ఎంత ముద్దుగా ఉందో అనుకుని ఫొటో తీశాను. అది ముద్దు కాదు, నొప్పి. గిట్టల సందు కుళ్లి, పాదం కింద పెట్టలేక అట్లా మేస్తోంది. రేగడి బురద గిట్టల మధ్య ఇరుక్కుని ఆరనే ఆరదు. పశువుల డాక్టర్ వచ్చి గిట్టలు చెక్కి కడిగాడు. కాలువ పక్క తడి గడ్డిలో నత్తలుంటాయని, వాటి నుంచి కాలేయపు జలగలు జీవాలకు చేరతాయని చెప్పి నట్టల మందు తాగించాడు. పొడి నేల చూసి కట్టేయమన్నాడు. కొట్టంలో సిమెంటు గచ్చు ఉందిగా, అక్కడ కట్టేశాను. గిట్టలు నయమయ్యాయి. నా దారి సరైనదేనని ధీమా పెరిగింది.

అసలు ప్రమాదం తోటలోనే ఉంది, నా చేతులతో నేనే చల్లుతున్నాను.

నిమ్మకు వానాకాలంలో గజ్జి తెగులు. ఆకు మీద, కాయ మీద గరుకు మచ్చలు లేస్తాయి, కాయ మార్కెట్లో పనికిరాదు. దానికి లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి కొట్టడం మా దగ్గర అందరికీ అలవాటే. బోర్డో మిశ్రమమైనా అంతే, మైలుతుత్తం, సున్నం. రెండిటిలోనూ పనిచేసేది రాగే. వాన పడ్డప్పుడల్లా మందు కడుక్కుపోయిందని మళ్లీ కొట్టించేవాణ్ని. ఆకుల నుంచి కారిన నీలిరంగు నీళ్లు కింది గడ్డి మీద పడేవి. ఆ గడ్డినే కోసి కొట్టంలో కట్టేసిన గొర్రెలకు వేయించాను. ఇది చాలనట్టు, జీవాలు నీరసంగా ఉన్నాయని పాడి బర్రెలకు వాడే ఖనిజ లవణ మిశ్రమం కొని రోజూ దాణాలో కలిపాను. అందులోనూ రాగి ఉంటుంది. బర్రెకు అది బలం. గొర్రెకు అదే విషం.

గొర్రె కాలేయం రాగిని బయటికి పంపడంలో బలహీనం. వచ్చినదాన్ని వచ్చినట్టే లోపల దాచుకుంటుంది. వారాలు, నెలలు గడిచినా పైకి ఏ లక్షణమూ కనబడదు. మేత తింటుంది, నెమరు వేస్తుంది. ఒక రోజు, ప్రయాణం వల్లనో మేత మారడం వల్లనో ఒళ్లు అలిసినప్పుడు, దాచుకున్న రాగి అంతా ఒక్కసారిగా రక్తంలోకి పడుతుంది. ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. ఆ తర్వాత చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

ఒక ఉదయం పెద్ద గొర్రె లేవలేదు. ముట్టుకుంటే తల వాల్చింది. కింది కనురెప్ప లాగి చూశాను. కనుగుడ్డులో తెల్లగా ఉండాల్సిన చోట పసుపు కొమ్ము రంగు. నోట్లో చిగుళ్లదీ అదే రంగు. నేను చూస్తుండగానే మూత్రం పోసింది. సిమెంటు గచ్చు మీద అది డికాషన్ రంగులో పారింది. ఆ ధార నా చెప్పుల దాకా వచ్చింది. ఉన్నిలో చెయ్యి పెట్టి పట్టుకుని కూర్చున్నాను. ఊపిరి పైపైన, వేగంగా తీస్తోంది. డాక్టర్ వచ్చేసరికి మధ్యాహ్నమైంది, సాయంత్రానికి పోయింది.

ఆయన అక్కడే కోసి చూశాడు. నన్ను దగ్గరికి పిలిచి మూత్రపిండాలు చూపించాడు. తుపాకీ గొట్టంలా నీలినలుపు. "సార్, తోటకు ఏం మందు కొడుతున్నారు?" అని అడిగాడు. చెప్పాను. లవణ మిశ్రమం ప్యాకెట్ తెచ్చి చూపించాను. ఆయన దాని మీది అక్షరాలను వేలితో తడుముతూ చదివి, నా చేతికి తిరిగి ఇచ్చాడు. తిట్టలేదు. మిగిలిన జీవాలకు మాలిబ్డినం, గంధకం ఉన్న మందులు రాసిచ్చి, తోటలో గడ్డి ముట్టనివ్వొద్దన్నాడు. పోయేముందు, ఆల్పకాలు కూడా రాగికి తట్టుకోలేవని చెప్పాడు. నా ముచ్చట తీరి అవే వచ్చి ఉంటే, మే ఎండను ఎట్లాగో దాటినా నా నిమ్మచెట్ల కింద అవీ ఇట్లాగే పోయేవి.

ఆ రాత్రి కొట్టంలో కూర్చుని చాలాసేపు ఆలోచించాను. రాగి సంగతి తెలియకపోవడం అజ్ఞానం, అది ఎవరికైనా ఉండొచ్చు. నాది అంతకంటే పెద్ద లోపం. జీవాన్ని తోటకు అలంకారంగా తెచ్చాను. తోట ఎట్లా ఉందో అట్లాగే ఉంచి, అందులోకి జీవాన్ని ఇమడమన్నాను. దానికేం కావాలో అడగవలసిన మనిషి పక్క ఊళ్లోనే ఉంటే, అడగకపోగా చెప్పింది కూడా వినలేదు. నాయన చెరుకు వేసినప్పుడు నేలను చూసి, నీటిని చూసి, రుద్రూర్ పరిశోధన కేంద్రం వాళ్లను అడిగి ఏ రకం వేయాలో తేల్చుకునేవాడు. మొక్కకు ఆయన చూపిన ఆ మర్యాదను ఊపిరున్న జీవానికి నేను చూపలేదు.

మరునాడు ఆ కురుమ పెద్దాయన ఇంటికి వెళ్లాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన ఏమీ అనకుండా చెప్పులేసుకుని నాతో వచ్చాడు. మిగిలినవాటి కళ్లు, చిగుళ్లు, గిట్టలు ఒక్కొక్కటీ చూశాడు. "ఉన్ని ఎప్పుడు కత్తిరించిన్రు?" అని అడిగాడు. అందం పోతుందని కత్తిరించలేదని ఒప్పుకున్నాను. దక్కనీ గొర్రెకు ఏడాదికి రెండుసార్లు కత్తెర పడాలి. వాననీళ్లు పీల్చి బరువెక్కిన ఉన్నిని నెలల తరబడి నేను వాటి ఒంటి మీద మోయించాను. వాన తెరిపినిచ్చిన రోజు చూసి ఆయన కత్తెర తెచ్చాడు. జీవాన్ని పక్కకు పడుకోబెట్టి నాలుగు కాళ్లూ కలిపి కట్టి, పొట్ట దగ్గర మొదలుపెట్టి వీపు దాకా కత్తిరించుకుంటూ పోయాడు. ఉన్ని విడివిడిగా రాలలేదు, ఒక్క పొరగా లేచి వచ్చింది. లోపలి వైపు నూనె జిడ్డు, పిడుదులు, వాన వాసన. కట్లు విప్పగానే గొర్రె లేచి ఒళ్లు విదిలించుకుని కొట్టమంతా పరుగెత్తింది. నా దగ్గర ఉన్నన్నాళ్లలో అది అట్లా పరుగెత్తడం నేను చూడలేదు.

అప్పుడే వాటిని ఆయనకు అప్పజెప్పాను. ఇప్పుడు ఆయన మందలో తిరుగుతున్నాయి. వానాకాలం ఎత్తు నేలల మీద, కోతలయ్యాక వరి మళ్లలో. వరి కోసిన తర్వాత ఆయన మందను మా పొలంలో పెట్టిస్తున్నాను. రాత్రంతా మంద పొలంలో పడుకుంటే పేడ, మూత్రం నేలకు పడతాయి. అందుకు రాత్రికి ఇంతని కాపరికి ధాన్యమో డబ్బో ఇవ్వడం మా నాయన కాలం నుంచీ ఉన్న పద్ధతి. చెరుకు ఆదాయం, యూరియా బస్తాలు వచ్చాక దాన్ని మేమే వదిలేశాం. తోటకు ఎరువు, గడ్డికి నోరు, కంటికి అందం. ఆల్పకా నుంచి నేను ఆశించినవన్నీ ఈ పద్ధతిలో ముందే ఉన్నాయి. వానాకాలం పోయి నేల ఎండాక, మామిడి, సపోటా వైపు మాత్రమే మందను రానిస్తున్నాం. నిమ్మ వరసలను వేరే కంచెతో విడదీశాను. కొట్టం కంచె జాలీనే ఊడదీసి అక్కడ కట్టాను. రాగి మందు కొట్టిన చెట్ల కింద గడ్డి ఒక్క పోచ కూడా ఏ జీవానికీ వేయడం లేదు. ఖనిజ లవణాలు కొనేవాళ్లు ప్యాకెట్ మీద గొర్రెలకు అని రాసి ఉందో లేదో చూసి కొనండి. దుకాణంలో అడిగితే చాలా చోట్ల బర్రెలదే చేతిలో పెడతారు.

ఇక ఉన్ని మిగిలింది. కత్తిరించిన ఉన్ని సంచుల్లో నింపి ఖాళీ కొట్టంలో పెట్టాను. అమ్మబోతే కొనేవాడు లేడు. కత్తిరించే కూలి కూడా రాదు కాబట్టి చాలామంది ఉన్నిని గట్టు మీదే పారేస్తున్నారని, అందుకే నల్ల గొర్రె తగ్గిపోయిందని పెద్దాయన చెప్పాడు. ఆయన చిన్నప్పుడు వాళ్లింట్లో ఆడవాళ్లు ఉన్ని ఏకి, నూలు వడికేవాళ్లు. మగవాళ్లు గుంట మగ్గం మీద గొంగడి నేసేవాళ్లు. పడుగుకు చింతగింజల గంజి పెట్టేవాళ్లు. ఆ గొంగడి వానకు తడవనిచ్చేది కాదు, రాత్రి పరుపయ్యేది, బీరప్ప పండుగకు భుజం మీద ఉండేది. ఇప్పుడు వాళ్ల ఊళ్లో మగ్గం లేదు. హైదరాబాద్‌లో ఎర్తెన్ ట్యూన్స్ అనే సంస్థను నడుపుతున్న యువకులు దక్కనీ ఉన్ని గొంగడి బట్టతో బూట్లు చేస్తున్నారని తెలిసింది. పెరూ ఉన్నికి ప్రపంచమంతా మార్కెట్ ఉన్నప్పుడు, మన కొండల మీది ఉన్నికి కనీసం మన జిల్లాలో ఒక కొనుగోలు కేంద్రం ఉండకూడదా? పసుపుకు నిజామాబాద్‌లో జాతీయ బోర్డు వచ్చింది, ఎంతో మేలు. కురుమల ఉన్ని గురించి కూడా ఎవరో ఒకరు గట్టిగా అడగాలి. నేను అడుగుతున్నాను.

మెదక్ వైపు ఇంకా మగ్గం నడిపే ఇల్లొకటి ఉందని పెద్దాయన బంధువొకరు చెప్పారు. దసరా తర్వాత రెండో కత్తెర పడుతుంది. ఆ ఉన్నిని కడిగి, నల్లది నల్లది, బూడిదరంగుది బూడిదరంగుది వేరు చేసి తెమ్మన్నారు ఆ మగ్గం వాళ్లు. కడగడం ఎట్లాగో పెద్దాయన భార్య చూపిస్తానంది. సంచులు మోయడానికి నేను, నడపడానికి ట్రాలీతో మా కౌలు రైతు సిద్ధంగా ఉన్నాం.